ఓపెన్ ఆఫర్ వచ్చింది, షేర్లు ఇచ్చేయాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మెడికల్ షాపు నడుపుతాను. అప్పుల్లేని ఒక చిన్న పైపుల కంపెనీ షేర్లు 2019లో 85 రూపాయల చొప్పున 1,200 కొన్నాను. ఏళ్ల తరబడి కదల్లేదు. ఇప్పుడు ఒక పెద్ద గ్రూపు ప్రమోటర్ల (కంపెనీ నడిపే యజమానుల) 45 శాతం వాటా కొంటూ, మాలాంటి మిగతా వాటాదారుల షేర్లు 210 రూపాయలకు కొంటానని ఓపెన్ ఆఫర్ ఇచ్చింది. మార్కెట్లో 203 నడుస్తోంది. ఇంకో కంపెనీ పోటీకొస్తే 300 దాకా పోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఆగమంటారా సార్?

జవాబు: ముందు ఆ 300 సంగతి తేల్చేద్దాం. పోటీ ఆఫర్ వేయడానికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చే గడువు, మొదటి గ్రూపు వివరమైన ప్రకటన వేసిన రోజు నుంచి 15 పనిదినాలే. ఆ తేదీ చూసుకోండి. దాటిపోయి ఉంటే ఇంకెవరూ రారు. ఇదే గ్రూపు ధర పెంచొచ్చు, అదీ టెండర్ (ఆఫర్‌లో వాటాదారులు షేర్లు అప్పగించడం) మొదలయ్యే లోపే. అయినా పోటీ వస్తుందని మార్కెట్ నమ్మి ఉంటే షేరు ఈపాటికి 210 దాటేది.

మీకు దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది. వాడపల్లి దగ్గరి విష్ణుపురం సిమెంటు ఫ్యాక్టరీ ఒకప్పుడు బి.వి.రాజు గారి రాశి సిమెంట్‌ది. 1998లో ఇండియా సిమెంట్స్ షేరుకు 300 రూపాయల ఓపెన్ ఆఫర్ వేసింది, చివరికి రాజు గారు కూడా తన వాటా వాళ్లకే అమ్మేశారు. పాతికేళ్లు దాటాక ఆ ఇండియా సిమెంట్సే అల్ట్రాటెక్ చేతికి పోయింది. ఇందులో మీరు చూడాల్సింది పెద్ద ఇన్వెస్టర్ రాధాకిషన్ దమానీ సంగతి. ఓపికకు పేరుమోసిన మనిషి. ఆయన, ఆయన వాళ్లు ఏళ్లుగా పట్టుకున్న వాటాతో కలిపి ఇండియా సిమెంట్స్‌లో దాదాపు 23 శాతాన్ని 2024 జూన్‌లో అల్ట్రాటెక్ షేరుకు 267 రూపాయలకు మించకుండా కొంది. నెల తిరిగేసరికి ప్రమోటర్లకు 390 ఇస్తానంది, మిగతా వాటాదారులకూ అదే ధరకు ఓపెన్ ఆఫర్ పెట్టింది. దమానీకే చివరి రూపాయి దక్కలేదు. ఇక మీరూ నేనూ దానికోసం కాచుక్కూర్చోవడం దేనికి?

ఇచ్చేద్దామన్నా 1,200 షేర్లూ తీసుకుంటారని లేదు. ఆఫర్ సాధారణంగా కంపెనీ మొత్తం షేర్లలో 26 శాతానికే ఉంటుంది. ప్రమోటర్ల 45 పోగా బయట ఉన్నది 55 శాతం. అందరూ టెండర్ చేస్తే నూటికి 47 చొప్పున, అంటే మీవి సుమారు 567 తీసుకుని మిగతావి డీమ్యాట్‌లోనే వదిలేస్తారు. 203కీ 210కీ మధ్య తేడా అందుకే.

నా సలహా, మొత్తం 1,200 టెండర్ చేయండి. మీరు అప్పట్లో కొనడానికి కారణాలు రెండు: ధర చవక, అప్పు లేదు. 210 దగ్గర చవకదనం పోయింది. అప్పు సంగతి ఇకపై కొత్త యజమాని చేతిలో ఉంటుంది. మిగిలిపోయిన షేర్లను మాత్రం కంగారుపడి అమ్మొద్దు. ఆఫర్ ముగిశాక ధర కొంత జారడం మామూలే. కొత్తవాళ్ల మొదటి వార్షిక నివేదికలో అప్పులు, సొంత గ్రూపు కంపెనీలతో లావాదేవీలు చూసి అప్పుడు తేల్చుకోండి. టెండర్‌కు ముందు స్వతంత్ర డైరెక్టర్ల కమిటీ తన అభిప్రాయం ప్రకటిస్తుంది, అదీ చదవండి. (చాలామంది చదవరు.)

టెండర్ 10 పనిదినాలు తెరిచి ఉంటుంది. కొన్ని బ్రోకర్ యాపులు చివరి రోజు ముందే మూసేస్తాయి కాబట్టి అప్పటిదాకా ఆగకండి. ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోలేరు. ఈలోగా మార్కెట్ ధరే 210 దాటితే టెండర్ గొడవ లేకుండా అక్కడే అమ్మేయండి.

పన్నుకు టెన్షన్ పడాల్సిన పనిలేదు. ఎక్స్ఛేంజి ద్వారా టెండర్ చేస్తారు కాబట్టి ఏడాదికి 1.25 లక్షల దీర్ఘకాలిక లాభం వరకు పన్ను ఉండదు, ఆపైన 12.5 శాతం. వేరే షేర్ల లాభాలేవీ లేకపోతే, మొత్తం 1,200 తీసుకున్నా లాభం లక్షన్నర, పన్ను సెస్సుతో కలిపి 3,250 రూపాయలు. 567 మాత్రమే తీసుకుంటే లాభం 70,875, అసలు పన్నే పడదు.