బ్యూరెట్ ఎవరి చేతిలో, పెన్ను ఎవరి చేతిలో?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు కళాశాల సైన్సు ల్యాబుల గురించి, అందులోనూ ల్యాబ్ పార్ట్‌నర్ల గురించి ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కెమిస్ట్రీ ల్యాబ్‌లో నా పార్ట్‌నర్ చాలా చురుకైన అమ్మాయి. మొదటి రోజు నుంచి టైట్రేషన్లన్నీ (బ్యూరెట్ అనే గీతలున్న గాజుగొట్టం నుంచి ఒక ద్రావణాన్ని మరో ద్రావణంలోకి వదిలి గాఢత కనుక్కునే ప్రయోగాలు) ఆమె చేయడం, నేను రీడింగులు రాయడం అలవాటైపోయింది. నా రికార్డు చక్కగా ఉంటుంది, మార్కులూ బాగానే వస్తున్నాయి. కానీ మొన్నటి ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కదాన్నే బ్యూరెట్ ముందు నిలబడేసరికి చేతులు వణికాయి. ఆమెను నొప్పించకుండా ఈ పద్ధతిని మార్చుకోవడం ఎలా?

జవాబు: ఇద్దరు కలిసి పనిచేసే బల్ల దగ్గర, మొదటి రోజు బ్యూరెట్ ఎవరి చేతికి వస్తే ఏడాది పొడవునా అది వారి చేతిలోనే ఉండిపోవడం చాలా చోట్ల జరిగేదే. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు. పని త్వరగా ముగించుకుని వెళ్లాలన్న తొందర తప్ప. అయితే నష్టం మాత్రం మీ ఒక్కరిది కాదు. మీకు చేతిపని రాలేదు, ఆమెకు రీడింగులను పట్టికలో పెట్టి లెక్క తేల్చడం అలవాటు కాలేదు. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ఆ లోటు ఆమెకూ ఎదురవుతుంది. కాబట్టి మీ కోరికను ఫిర్యాదులా కాక ఉన్న విషయం ఉన్నట్టుగా చెప్పండి. "పరీక్షలో నాకు చేతులాడలేదు. వచ్చే వారం మొదటి రెండు టైట్రేషన్లు నేను చేస్తాను, నువ్వు పక్కనుండి చూడు. తరువాతి రెండు నువ్వు చేద్దువుగాని, అప్పుడు నేను రాస్తాను" అని అడిగితే కాదనేవారు అరుదు. ల్యాబ్ మొదలయ్యాక, ఆమె బ్యూరెట్ అందుకున్న తరువాత అడగకండి. ముందు రోజే అడగండి.

ఇక ఆ మొదటి రెండు టైట్రేషన్లకు ఎలా సిద్ధం కావాలో చెబుతాను. బ్యూరెట్‌ను నీటితో కడిగిన తరువాత, అందులో పోయబోయే ద్రావణంతో ఒకసారి తొలచాలి. నిర్ణీత పరిమాణాన్ని కొలిచి పోసే గాజుగొట్టమైన పిపెట్‌నూ అది కొలవబోయే ద్రావణంతోనే తొలచాలి. కోనికల్ ఫ్లాస్కును మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో తప్ప మరి దేనితోనూ తొలచకూడదు. ఎందుకంటే, ఫ్లాస్కు గోడలకు అంటుకున్న ద్రావణం మీరు పిపెట్‌తో కొలిచి పోసినదానికి అదనంగా చేరి ఫలితాన్ని చెడగొడుతుంది; గోడలకు అంటుకున్న నీరు పదార్థపు పరిమాణాన్ని పెంచదు, తగ్గించదు. వైవాలో తరచుగా అడిగే ప్రశ్న ఇదే. చేతితో చేసినవారు దీనిని బట్టీ పట్టనక్కరలేదు.

ద్రావణం పోశాక గరాటు తీసివేయండి, లేకపోతే దాని కాడ నుంచి ఒక చుక్క ఎప్పుడో జారిపడుతుంది. బ్యూరెట్ అడుగున ఉండే కుళాయి, అంటే స్టాప్‌కాక్, కింది ముక్కులో గాలి బుడగ లేకుండా చూడండి. మీరు కుడిచేతి వాటమైతే ఎడమచేతితో స్టాప్‌కాక్ తిప్పుతూ కుడిచేతితో ఫ్లాస్కును గుండ్రంగా కదపాలి. చేతులు వణికేది ఇక్కడే, కాబట్టి బ్యూరెట్‌లో ఒట్టి నీరు పోసి ఒక పది నిమిషాలు చుక్క చుక్కగా వదలడం సాధన చేయండి. ఫినాఫ్తలీన్ (ఆమ్లంలో రంగు లేకుండా, క్షారంలో గులాబీగా కనిపించే సూచిక) వేసిన ఆమ్లంలోకి సోడియం హైడ్రాక్సైడ్ వదులుతున్నప్పుడు, చుక్క పడిన చోట గులాబీ రంగు మెరిసి వెంటనే మాయమవుతుంది. ఆ రంగు మాయం కావడానికి ఎక్కువసేపు పడుతోందంటే ఎండ్ పాయింట్, అంటే టైట్రేషన్ ఆపవలసిన స్థానం, దగ్గరపడిందని అర్థం. అక్కడి నుంచి ఒక్కొక్క చుక్కే వదలాలి. ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటర్లు ఉంటుంది. కలిపిన తరువాత 30 సెకన్ల పాటు నిలిచే అతి లేత గులాబీ రంగు దగ్గర ఆపాలి. ఆ తరువాత నెమ్మదిగా రంగు పోయినా కంగారు పడవద్దు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల అలా జరుగుతుంది.

ఇద్దరు పనిచేసేటప్పుడు గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉంది. ఒక టైట్రేషన్‌లో మొదటి రీడింగ్ చూసినవారే చివరి రీడింగ్ కూడా చూడాలి. బ్యూరెట్‌పై అంకెలు పై నుంచి కిందికి పెరుగుతాయి కనుక, కన్ను ద్రవమట్టం కంటే ఎత్తులో ఉంటే రీడింగ్ తక్కువగానూ, కిందుగా ఉంటే ఎక్కువగానూ కనిపిస్తుంది. ఒకే మనిషి రెండూ చూస్తే ఆ అలవాటు దోషం తీసివేతలో చాలావరకు పోతుంది. పొడుగ్గా ఉన్నవారు ఒకటి, పొట్టిగా ఉన్నవారు ఒకటి చూస్తే ఆ దోషం లెక్కలో మిగిలిపోతుంది. చూసినవారు అంకెను పైకి చదవాలి, రాసేవారు రాస్తూ తిరిగి పలకాలి. "పదిహేను పాయింట్ రెండు" అని వదిలేయకుండా "పదిహేను పాయింట్ రెండు సున్నా" అని చదవడం అలవాటు చేసుకోండి, ఆ సున్నాను కూడా మీరు కొలిచారు.

ప్రశ్న: నా ల్యాబ్ పార్ట్‌నర్ నాకు మంచి స్నేహితుడు. ప్రతిసారీ ఆలస్యంగా వస్తాడు, ప్రయోగం గురించి ముందుగా ఏమీ చదవడు, చివరకు నా రికార్డు తీసుకుని ఎక్కించుకుంటాడు. సార్‌కు చెబితే స్నేహం చెడుతుంది, చెప్పకపోతే భారమంతా నా మీదే పడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా అతను చేయలేకపోతున్నాడా, చేయడానికి ఇష్టపడడం లేదా అన్నది తెలుసుకోండి. ప్రయోగం అర్థం కాక, ఆ సంగతి బయటపడుతుందన్న భయంతో ఆలస్యంగా వచ్చేవారిని నేను చూశాను. అలాంటివారికి "నువ్వు పని చేయడం లేదు" అన్న మాట ఏ విధంగానూ ఉపయోగపడదు. ఒక చిన్న పనిని, కచ్చితమైన పనిని అప్పగించండి: "రేపటి ప్రయోగానికి పట్టిక గీసి, స్క్రూగేజీ లీస్ట్ కౌంట్, అంటే అది కొలవగల అతి చిన్న కొలత, ఎలా కట్టాలో చూసుకుని రా. కొలతలు నువ్వే తీయాలి" అనండి. తన వంతు కొలతలు లేనిదే లెక్క ముందుకు సాగని పరిస్థితి వస్తే చాలామంది మారతారు.

రికార్డు విషయంలో మాత్రం మొహమాటపడకండి. కలిసి తీసిన రీడింగులు ఇద్దరివీ. వాటిని పంచుకోవడంలో తప్పు లేదు. లెక్కలు, గ్రాఫు, ఫలితంపై రాసే వాక్యాలు ఎవరివి వారివే. ఎక్కించుకోవడానికి రికార్డు ఇచ్చినవారిని కూడా తప్పులో భాగస్వాములుగానే చూస్తారు, అందులో అన్యాయమేమీ లేదు. "లెక్క ఎక్కడ ఆగిందో చెప్పు, కూర్చుని చూద్దాం" అని చెప్పి రికార్డును మీ దగ్గరే ఉంచుకోండి. రెండు మూడు వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే, అతనికి ముందే చెప్పి ఉపాధ్యాయుని దగ్గరకు వెళ్లండి. చెప్పకుండా వెళ్తేనే స్నేహం చెడేది.

ఒక్క సందర్భంలో మాత్రం వారాలు ఆగకూడదు, నిమిషం కూడా ఆగకూడదు. విధానం చదవకుండా వచ్చిన మనిషి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నీళ్లు పోయబోతే, కళ్లద్దాలు పెట్టుకోకుండా వేడి పరీక్షనాళికపై వంగితే, అక్కడికక్కడే చేయి పట్టుకుని ఆపండి. ఆమ్లాన్నే నీటిలోకి కొద్దికొద్దిగా పోయాలి. నీటిని ఆమ్లంలోకి పోస్తే పుట్టే వేడికి పైనున్న నీరు మరిగి ఆమ్లాన్ని ముఖంపైకి చిమ్ముతుంది. అలా మళ్లీ జరిగితే స్నేహం సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు ఉపాధ్యాయునికి చెప్పండి.

ప్రశ్న: ఎంత వేగంగా చేసినా మాకు ల్యాబ్ సమయం చాలడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ల్యాబ్‌లో వేగం పెంచి లాభం లేదు, ముందు రోజు అరగంట కేటాయించండి. యూనిట్లతో సహా ఖాళీ పట్టిక గీసుకుని, సూత్రం రాసుకుని, ఏ పనికి ఎక్కువసేపు పడుతుందో గుర్తించండి. వేడెక్కవలసినదాన్ని లోపలికి వెళ్లగానే వేడికి పెట్టి, అది వేడెక్కేలోగా తూకాలు చూసుకోవచ్చు. ఇద్దరూ ఒకే పరికరం దగ్గర నిలబడకుండా ఉంటే సగం సమయం మిగులుతుంది.

ప్రశ్న: ఫిజిక్స్ ల్యాబ్‌లో సాధారణ లోలకంతో మాకు g (భూమ్యాకర్షణ వల్ల కలిగే త్వరణం) విలువ 10.9 వచ్చింది. నా పార్ట్‌నర్ 9.8 వచ్చేలా రీడింగులు దిద్దేద్దామంటున్నాడు. అందరూ అలాగే చేస్తారని కూడా అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. దిద్దకపోతే మార్కులు పోతాయా?

జవాబు: దిద్దవద్దు. మీ 10.9 ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో నాకు ఒక అనుమానం ఉంది, ఎందుకంటే విద్యార్థిగా ఉన్నప్పుడు నాకూ నా పార్ట్‌నర్‌కూ దాదాపు అదే విలువ వచ్చింది. అతను స్టాప్‌వాచ్ నొక్కుతూనే "ఒకటి" అనేవాడు. లెక్క "సున్నా"తో మొదలుకావాలి. "ఒకటి"తో మొదలుపెట్టి "ఇరవై" దగ్గర ఆపితే జరిగినవి 19 డోలనాలే (లోలకం ఒకసారి అటు వెళ్లి ఇటు తిరిగి రావడం ఒక డోలనం). మీటరు పొడవున్న లోలకానికి 20 డోలనాలకు 40.1 సెకన్లు పట్టాలి; 19కి 38.1 సెకన్లే పడుతుంది. ఆవర్తన కాలంలో, అంటే ఒక డోలనానికి పట్టే సమయంలో, వచ్చిన ఈ 5 శాతం లోటు, సూత్రంలో కాలం వర్గంగా ఉన్నందువల్ల, g విలువను 10 శాతానికి పైగా పెంచి 10.9 దగ్గర నిలబెడుతుంది. రీడింగులు దిద్ది ఉంటే మాకు ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు, అతను ఏడాదంతా "ఒకటి" అంటూనే ఉండేవాడు.

సరిపోలని అంకెను దాచకపోవడం ఎంత దూరం తీసుకువెళ్తుందో చెప్పడానికి ఒక సంగతి రాస్తాను. గాలి నుంచి తీసిన నైట్రోజన్ లీటరుకు 1.2572 గ్రాములు తూగుతుంటే, రసాయన పదార్థాల నుంచి తయారుచేసినది 1.2505 గ్రాములే తూగుతోందని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ గమనించాడు. తేడా అర శాతమే. ఆయన దాన్ని సర్దుబాటు చేయలేదు. 1892లో నేచర్ పత్రికకు ఉత్తరం రాసి, కారణం తోచినవారు చెప్పమని పాఠకులను అడిగాడు. ఆ తరువాత రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే ఆయనతో కలిశాడు. గాలిలో ఎవరూ గుర్తించని ఒక వాయువు ఉందని 1894లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. అదే ఆర్గాన్. 1904లో రేలీకి భౌతిక శాస్త్రంలో, రామ్సేకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి. మీ లోలకంలో కొత్త వాయువేదీ దొరకకపోవచ్చు గాని, మీ తేడాకూ ఒక కారణం ఉంది, అది వెతికితే దొరుకుతుంది.

మార్కుల సంగతికొస్తే, తేడాకు కారణం చూపించిన రికార్డుకు మార్కులు తగ్గించే ఉపాధ్యాయుడు నాకు ఇంతవరకు తారసపడలేదు. మీరు చేయవలసింది ఇది. పాత రీడింగులను రబ్బరుతో చెరపకుండా, అంకె కనిపించేలా ఒక్క గీతతో కొట్టివేయండి. దారం పొడవును గుండు మధ్య వరకు కొలిచారో లేదో, లోలకాన్ని మరీ పక్కకు లాగి వదిలారేమో కూడా సరిచూసుకోండి. సున్నాతో మొదలుపెట్టి, లోలకం మధ్య స్థానాన్ని దాటుతున్న క్షణంలో స్టాప్‌వాచ్ నొక్కి, ఈసారి ఒకరు లెక్కపెడుతుంటే రెండోవారు మనసులో విడిగా లెక్కపెట్టండి. కొత్త విలువ పక్కన "మొదటి పట్టికలో డోలనాల లెక్క 1తో మొదలైంది" అని తేదీతో రాసి ఇద్దరూ సంతకం చేయండి.