చిన్న ఊళ్లో డయలప్ ఇంటర్నెట్ కంపెనీ: డబ్బు అసలు ఎక్కడ పోయేదంటే

"2000 ప్రాంతంలో పెద్ద పెట్టుబడి లేనివాళ్లు జిల్లా స్థాయిలో డయలప్ (ఫోను లైను మీద మోడెంతో డయల్ చేసి కలిపే) ఇంటర్నెట్ కంపెనీ నడపగలిగేవారా? ఖర్చు ఎక్కడ అయ్యేది?" అని అడిగారు. నడపగలిగేవారు. కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో అలాంటి కంపెనీలో నేనూ ఒక భాగస్తుణ్ణి. మోడెంల గది నా బాధ్యత కాబట్టి ఆ వైపు నుంచే ఎక్కువ చెప్తాను.

లైసెన్సు సంగతి తేలిక. 1995 ఆగస్టు 15 నుంచి ఇంటర్నెట్ అంటే ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ఒక్కటే. 1998 నవంబరులో ప్రైవేటు వాళ్లకు తలుపు తెరిచారు. లైసెన్సులు మూడు రకాలు: ఏ అంటే దేశమంతా, బీ అంటే ఒక టెలికాం సర్కిల్ (దాదాపు ఒక రాష్ట్రం) లేదా మెట్రో, సీ అంటే ఒక ఎస్ఎస్ఏ, అంటే టెలిఫోను శాఖ విభజించుకున్న ప్రాంతం, మన దగ్గర దాదాపు ఒక జిల్లా. మొదటి ఐదేళ్లు లైసెన్సు ఫీజు లేదు. బ్యాంకు గ్యారంటీ మాత్రం ఏకి 2 కోట్లు, బీకి 20 లక్షలు, సీకి 3 లక్షలు. ఆ 3 లక్షల అంకె చూసి మాలాంటివాళ్లు చాలామంది దిగారు. దిగడం సులువే. నెలనెలా కట్టేవి వేరే ఉంటాయి.

వాటిలో పెద్దది పైనుంచి బ్యాండ్‌విడ్త్ తెచ్చే లీజ్డ్ లైను. చిన్నవాళ్లం 64 కెబిపిఎస్‌తో మొదలెట్టేవాళ్లం. ముప్పై ఫోను లైన్ల మీద ముప్పైమంది 33.6 కెబిపిఎస్ మోడెంలతో ఒకేసారి లాగితే ఒక ఎంబీపీఎస్ కావాలి, మన దగ్గరున్నది దాంట్లో దాదాపు పదహారో వంతు. అయినా బండి నడిచేది. ఎందుకంటే మనిషి పేజీ తెరిచి చదువుతున్నంతసేపూ లైను ఖాళీ. పాత పెంటియం కంప్యూటర్ మీద లైనక్స్ వేసి స్క్విడ్ పెట్టాం, ఒకసారి వచ్చిన పేజీలను దాచుకుని మళ్లీ అడిగినవాళ్లకు ఇచ్చే సాఫ్ట్‌వేర్ అది. ఊరంతా చూసేది యాహూ, హాట్‌మెయిల్, రీడిఫ్ లాంటివే కాబట్టి బొమ్మలూ బటన్లూ మా డిస్కు నుంచే వచ్చేవి. ఎంసెట్ ఫలితాల రోజు మాత్రం స్క్విడ్ కూడా చేతులెత్తేసేది. ఒక్కో హాల్‌టికెట్ నంబరుకీ పేజీ వేరు కదా.

ఇక మోడెంలు. డబ్బున్నవాళ్లు ఈ1 లైను తీసుకుని, 30 చానళ్లు ఒకే కేబుల్ మీద దించి, డిజిటల్ మోడెంలున్న పెట్టె పెట్టేవారు. మేం మామూలు ఫోను లైన్లు, విడి మోడెంలు, లైనక్స్ మెషీన్లో చాలా మోడెంలు ఒకేసారి తగిలించుకునే సైక్లేడ్స్ మల్టీపోర్ట్ కార్డు పెట్టుకున్నాం. దీంట్లో ఒక చిక్కుంది. కస్టమర్ మోడెం 56కే (56 కెబిపిఎస్), మాది కూడా 56కే, అయినా కనెక్ట్ అయ్యేది 33.6 లోపే. ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) వైపు లైను డిజిటల్‌ది అయితేనే 56కే వస్తుంది. అందుకని కరపత్రంలో 56 అని వేయొద్దని నేను పట్టుబట్టాను. మా మార్కెటింగ్ భాగస్తుడికి అది నచ్చలేదనుకోండి.

అన్ని లైన్లకీ కలిపి హంటింగ్ తీసుకోవాలి. కస్టమర్ ఒకే నంబరు డయల్ చేస్తాడు, మొదటి లైను ఎంగేజ్ అయితే కాల్ రెండోదానికి, అదీ ఎంగేజ్ అయితే మూడోదానికి పోతుంది. ఇప్పుడు మూడో మోడెం హ్యాంగ్ అయిందనుకోండి. అది ఎత్తదు, కానీ ఎక్స్ఛేంజి దృష్టిలో ఆ లైను ఖాళీయే. మొదటి రెండూ నిండాక వచ్చిన ప్రతి కాలూ అక్కడే పడి రింగవుతూ ఉంటుంది. వెనక ఇరవైఏడు మోడెంలు ఖాళీగా ఉన్నా ఒక్కరూ లోపలికి రాలేరు. ఫోన్ చేసి "మీ సర్వర్ డౌనా" అని అడుగుతారు. దానికి మందు చాలా చవక: ఆ లైనుకి మామూలు ఫోను తగిలించి రిసీవర్ తీసి పక్కన పెట్టేయడమే. లైను ఎంగేజ్ అవుతుంది, హంటింగ్ ముందుకు పోతుంది. తర్వాత నిదానంగా మోడెం ఆపి వేసుకోవచ్చు. పాత ఫోన్లు రెండు మూడు ఎప్పుడూ గదిలో ఉంచుకునేవాణ్ణి.

పొదుపు చేయకూడని చోటు ఎర్తింగ్. బయటినుంచి ముప్పై రాగి తీగలు గదిలోకి వస్తున్నాయంటే పిడుగుకి ముప్పై దారులు ఇచ్చినట్టే. కంప్యూటర్ల కంటే ముందు ఎర్త్ గుంత, లైన్లకు సర్జ్ ప్రొటెక్టర్లు, ఆ తర్వాతే యూపీఎస్.

లైన్లు ఎన్ని కావాలి? పదిమందికి ఒక లైను చొప్పున అనుకున్నాం. పగలు అది దండగ, రాత్రి చాలదు. మా ఊళ్లో రద్దీ రాత్రి తొమ్మిదిన్నర నుంచి. అమెరికాలో పిల్లలున్న ఇళ్లన్నీ ఆ వేళకే మెసెంజర్ తెరిచేవి, అక్కడ పొద్దున కాబట్టి. తెల్లవారుజామున వాడేవాళ్లకు గంటలు సగమే లెక్కేస్తామన్నాం. కుర్రాళ్ల డౌన్‌లోడ్లు అటు జరిగాయి గానీ అమ్మానాన్నలు జరగలేదు. ఐడిల్ టైమౌట్ (వాడకుండా వదిలేస్తే లైను కట్) పెట్టడం, ఒక యూజర్‌నేమ్‌తో ఒకరే ఉండేలా పాస్‌వర్డులు సరిచూసే రేడియస్ సర్వర్‌లో కట్టడి చేయడం కొంత పనిచేశాయి. అంతకుముందు ఒక్కో పాస్‌వర్డ్ పక్కింటికీ, అల్లుడుగారింటికీ కూడా వెళ్లేది.

అన్‌లిమిటెడ్ ప్లాన్ జోలికి పోవద్దని నా గట్టి అభిప్రాయం. గంటల కార్డు కొన్నవాడు పని కాగానే తీసేస్తాడు. అన్‌లిమిటెడ్ వాడికి లోకల్ కాల్ పల్సు (ఫోను వాడినంతసేపూ పడే చార్జీ) ఒక్కటే అడ్డు, ఆఫీసు ఫోను మీద కూర్చున్నవాడికి అదీ లేదు. అలాంటివాళ్లు నలుగురుంటే నాలుగు లైన్లు పోయినట్టే.

తక్కువ డబ్బుతో మేం నిలబడటానికి అసలు కారణం కూడా ఆ కార్డులే. గంటలు ముందే అమ్ముతాం, డబ్బు ముందే వస్తుంది, బ్యాండ్‌విడ్త్ బిల్లు తర్వాత కడతాం. ఎస్టీడీ బూత్‌లు, కంప్యూటర్ కోచింగ్ సెంటర్లకు కమీషన్ ఇచ్చి పెట్టించాం. అప్పు తేకుండా లైన్లు పెంచుకున్నది ఈ డబ్బుతోనే. కాకపోతే అమ్మిన గంటలన్నీ మన మీద బాకీ అని గుర్తుండాలి. దసరా ఆఫరని ఎడాపెడా అమ్మేస్తే సంక్రాంతికి పిల్లలంతా ఇళ్లకొచ్చి అవన్నీ ఒక్కసారే వాడతారు.

సపోర్టుకి ఒక మనిషిని తప్పకుండా పెట్టుకోవాల్సి వచ్చేది. సగం ఫిర్యాదులు ఇంటర్నెట్‌వి కావు. పక్కగదిలో ఎవరో పారలల్ ఫోను ఎత్తుతారు, కనెక్షన్ పోతుంది.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ డేటావన్ వచ్చింది. అదే రాగి తీగ మీద 256 కెబిపిఎస్, పైగా ఫోను ఖాళీగానే ఉంటుంది. దాంతో పోటీకి దిగాలని మేం అనుకోలేదు. లైన్లు ఒక్కొక్కటే సరెండర్ చేసి, ఆఫీసులకు నెట్‌వర్కింగు, వెబ్‌సైట్ల పనిలోకి మారాం. మా డొమైన్ మీద మెయిల్ ఐడీలున్న పాత కస్టమర్లు మాత్రం వదల్లేదు. మిగిలిన గంటల గురించి ఎవరూ అడగలేదు గానీ, ఆ ఐడీ తీసేయొద్దని ఏడాదికింత అని డబ్బు కట్టినవాళ్లున్నారు.