సిగ్నల్ లెక్క సున్నా ఎందుకు వస్తోంది?

ప్రశ్న: పర్లాకిమిడిలోని మా చింతపండు దుకాణానికి క్యూటీ (Qt) అనే ప్రోగ్రామింగ్ సాధనాలతో బిల్లింగ్ ప్రోగ్రాం రాసుకున్నాను. బస్తాల సంఖ్య మారినప్పుడు వెలువడే సిగ్నల్‌ను యూనిట్ టెస్టులో (ప్రోగ్రాంలోని ఒక్కో భాగాన్ని విడిగా పరీక్షించే కోడులో) లెక్కిస్తే ఎప్పుడూ సున్నాయే వస్తోంది. ప్రోగ్రాం మాత్రం సరిగానే నడుస్తోంది. లోపం ఎక్కడుందంటారు?
— ఒక పాఠకుడు, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: మీరు పంపిన కోడులో స్పిన్‌బాక్సు (అంకెను పెంచి తగ్గించే గడి) విలువ ముందే 1గా ఉండగా, టెస్టు మళ్ళీ 1నే పెడుతోంది, విలువ నిజంగా మారితే తప్ప వాల్యూచేంజ్డ్ సిగ్నల్ వెలువడదు కనుక సున్నా రావడమే న్యాయం. 12 పెట్టి చూడండి. సిగ్నళ్ళను పట్టి లెక్కించే క్యూసిగ్నల్‌స్పైని విలువ మార్చకముందే తగిలించాలి. పెళ్ళయ్యాక పందిరి వేసినట్లు ఆ తరువాత తగిలిస్తే, జరిగిపోయిన సిగ్నల్ దానికి కనబడదు. లెక్క ఒకటి వచ్చిందని ఆగిపోక, సిగ్నల్ మోసుకొచ్చిన విలువ 12 అవునో కాదో కూడా సరిచూడండి. నా అనుభవంలో అసలు తప్పులు బయటపడేది అక్కడే.

పై సిగ్నల్ వెంటనే వెలువడుతుంది కాబట్టి ఎదురుచూపు అక్కరలేదు. తూనిక యంత్రాన్ని టైమరుతో చదివే భాగానికైతే స్పైలోని వెయిట్ (wait, అంటే ఆగి చూడటం) ఫంక్షన్‌ను పిలవండి. అది ఈవెంట్ లూపును (టైమర్లు, క్లిక్కుల వంటి వాటిని వరుసగా అందుకునే చక్రాన్ని) నడుపుతూ, మీరు వేరే గడువు ఇవ్వకపోతే, సిగ్నల్ కోసం 5000 మిల్లీసెకన్ల దాకా ఆగుతుంది. దాని బదులు స్లీప్ పెడితే లూపే నిలిచిపోయి, టైమరు మోగనే మోగదు.