కేవియట్ వేస్తే పొలం అమ్మకం ఆగుతుందా?

ప్రశ్న: తాతగారి నుంచి వచ్చిన పొలాన్ని, 2003లో నాన్నగారు పోయాక కూడా మేము పంచుకోలేదు. ఇప్పుడు అన్నయ్య మొత్తం అమ్మబోతున్నారు. కేవియట్ వేస్తే రిజిస్ట్రేషన్ ఆగుతుందా? – ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: ఆగదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ సెక్షన్ కింద వేసే కేవియట్, అవతలి పక్షం కోర్టుకు వెళితే మీ వాదన వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని ముందుగా కోరడం మాత్రమే. దాని గడువు 90 రోజులు. అమ్మదలచిన మీ అన్నగారికి అసలు కోర్టుతో పనేముంది?

మీ వాటా మాత్రం ఎక్కడికీ పోలేదు. కుమార్తెలకూ సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణ నాటికి తండ్రి జీవించి లేకపోయినా పిత్రార్జితంలో కుమార్తెకు సమాన హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే చెల్లుబాటయ్యే పంపకం జరిగి ఉంటే సంగతి వేరు. కనుక ఆలస్యం చేయకుండా పంపకాల దావా వేసి, అందులోనే తాత్కాలిక ఇంజంక్షన్ (అమ్మకాన్ని ప్రస్తుతానికి ఆపే కోర్టు ఉత్తర్వు) కోరండి. దావా నడుస్తుండగా పొలం కొన్నవారు ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం తీర్పుకు కట్టుబడవలసిందే. ముందుగా ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, ఇప్పటికే ఏదైనా దస్తావేజు రిజిస్టరయిందేమో చూసుకోండి.