ఎఫ్4 తోసే ముందు

అమ్మడూ,

చెస్ రేటింగ్ టోర్నమెంట్‌లో తెల్ల పావులు వస్తే కింగ్స్ గాంబిట్టే, అదే, ఎఫ్4 బంటుని ఎర వేసే ఆరంభమే, ఆడతానని పట్టుబట్టావట, మీ అమ్మ చెప్పింది. మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

రెండు పెన్నులు పెట్టుకో. పావు జరిపిన చేత్తోనే గడియారం నొక్కు. ఎత్తు ఆడాకే షీటు మీద రాయి.

ఇ4, ఇ5, ఎఫ్4 (అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస). నల్లవాళ్లు బంటు తింటే నాకు బెంగ లేదు. గుర్రాన్ని ఎఫ్3కి తెస్తావు. వాళ్లు జి5 తోస్తే నువ్వు వెంటనే హెచ్4. ఆలస్యం చేశావా, వాళ్ల శకటు (బిషప్) జి7కి వచ్చి, హెచ్6 కూడా పడి, ఆ బంట్ల వరస ఇక కదలదు. 1960లో అర్జెంటీనాలోని మార్ దెల్ ప్లాతాలో రష్యన్ గ్రాండ్‌మాస్టర్ స్పాస్కీ అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ ఫిషర్‌ని 29 ఎత్తుల్లో ఓడించింది ఈ దారిలోనే. ఆ కసితోనేమో, మరుసటి ఏడాది ఫిషర్ నల్లవాళ్ల మూడో ఎత్తు డి6ని విరుగుడుగా చూపిస్తూ వ్యాసం రాశాడు. డి6కి డి4 ఆడు.

నా భయమంతా బంటు తినకపోతేనే. రెండో ఎత్తుకి శకటుని సి5లో పెట్టి ఊరుకుంటారు. ఇ5 బంటు దిక్కులేనిదానిలా కనిపిస్తుంది, నీ చెయ్యి ఆగదు. తిన్నావో, వాళ్ల మంత్రి హెచ్4కి వచ్చి షా, అంటే రాజుకి చెక్! ఎఫ్2 బంటు కదిలాక నీ రాజు పక్క ఐమూల బార్లా తెరిచే ఉంది కదా. జి3తో అడ్డుకుంటే మంత్రి ఇ4 బంటు తిని మళ్లీ షా, అక్కడి నుంచే ఐమూలగా హెచ్1లో ఉన్న నీ ఏనుగూ దాని నోట్లోనే. జి3 వద్దని రాజుని ఇ2కి జరిపితే అదే ఇ4లో మాత్, ఆట అయిపోయినట్టే. ఇంకో దారి లేదు.

పావు ముట్టుకున్నాక గుర్తొచ్చినా లాభం లేదు తల్లీ. ముట్టుకున్న పావే కదపాలి; ఆ బంటును ఎఫ్5కి తోసినా అదే షా, అదే ఏనుగు. అందుకే ముందు గుర్రం ఎఫ్3కి. అది హెచ్4ని కాస్తుంది, ఇ5 మీద బెదిరింపు అప్పుడు నిజమవుతుంది. వాళ్లు డి6 ఆడితే సి3, తర్వాత డి4. శకటు సి5లో ఉన్నంతసేపూ జి1 దాని చూపులోనే, కాబట్టి ఆ వైపు కోట కట్టలేవు (క్యాసలింగ్ చెయ్యలేవు), తొందరపడకు.

మూడో ఎత్తు దగ్గర ఆలోచించేదాకా చేతులు ఒళ్లోనే పెట్టుకో. ఇంత వయసొచ్చినా ఆ దూకుడు తగ్గలేదు నీకు, ఏం చెయ్యను.

ఆట అయ్యాక స్కోరు షీటు ఫోటో పంపు. మూడో ఎత్తు పక్కన గడియారంలో మిగిలిన టైము రాయడం మరిచిపోకు.

మామయ్య