నమీబియా మీద వ్యాసం పంపిన యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఆఫ్రికా నైరుతి తీరంలోని నమీబియా గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఒక్కొక్క వింతకు ఒక్కొక్క చిన్న పేరా చొప్పున కేటాయించావు. వాటిలో చాలావరకు వాస్తవాలే, భాష కూడా శుభ్రంగా ఉంది. అయినా చదవడం పూర్తయ్యాక ఆ దేశం నాకు కంటికి కట్టలేదు. ఎర్రటి ఇసుక దిబ్బ ఒకచోట, తల కిందికి వంచి నిలబడే పురుగు మరొకచోట, ఒడ్డెక్కిన ఓడ ఇంకొకచోట విడివిడిగా ఉండిపోయాయి. అవన్నీ ఒకే దేశంలో ఎందుకు ఉన్నాయో నువ్వు చెప్పలేదు. కారణం తెలిస్తే నీ పేరాలు వాటంతటవే ఒకదానితో ఒకటి ముడిపడతాయి.

సముద్రంతో మొదలుపెట్టు. అట్లాంటిక్ తీరం వెంబడి బెంగ్వేలా అనే చల్లని ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. ఆ నీటిని ఆనుకున్న గాలి చల్లబడి కిందనే ఉండిపోతుంది. దానిపైన వెచ్చని పొడిగాలి పరుచుకోవడంతో మేఘం పైకి లేచి వర్షించే వీలుండదు. తూర్పున హిందూ మహాసముద్రం నుంచి బయలుదేరిన తేమ ఈ తీరానికి చేరేలోగా దారిలోని భూముల మీదే ఖర్చయిపోతుంది. అందువల్ల అక్కడ ఏడాదంతా కలిపి కురిసే వాన చాలాచోట్ల 20 మిల్లీమీటర్లకు మించదు. హైదరాబాదులో ఒక సాయంత్రం గట్టిగా పడే వాన అంతకంటే ఎక్కువే ఉంటుంది. అయితే వానను అడ్డుకునే ఆ చల్లదనమే తీరానికి పొగమంచును ఇస్తుంది. గాలి అనుకూలించిన రోజుల్లో అది పదుల కిలోమీటర్ల లోపలికి చొచ్చుకుపోతుంది.

ఇప్పుడు నీ పురుగు దగ్గరకు రా. ఓనిమాక్రిస్ ప్రజాతికి చెందిన ఒక నల్లని పెంకుపురుగు మంచు కమ్మిన వేళ దిబ్బ శిఖరానికి ఎక్కి, గాలికి ఎదురుగా తల వంచి, వెనుక భాగాన్ని పైకెత్తి నిలబడుతుంది. వీపు మీద కూడిన చుక్కలు జారి నోటికి చేరతాయి. విలియం హామిల్టన్, మేరీ సీలీ 1976లో ఈ సంగతిని శాస్త్రలోకానికి తెలియజేశారు. ‘అక్కడి పురుగులన్నీ ఇలాగే నీళ్ళు తాగుతాయి’ అని నువ్వు రాసిన వాక్యం కొట్టేయాలి, ఎందుకంటే ఆ తీరం వెంబడి ఉన్న నమీబ్ ఎడారిలోని అనేక పెంకుపురుగు జాతులలో ఈ విద్య తెలిసినవి బహు కొద్ది. నువ్వు ఆరు పేరాల తరువాత చెప్పిన ఓడల కథలోనూ ఈ పొగమంచే ఉంది. ఎడ్వర్డ్ బోలెన్ అనే జర్మన్ నౌక 1909లో కన్సెప్షన్ బే దగ్గర మంచులో దారి కానక ఇసుకలో కూరుకుపోయింది. ఆ తరువాత ఇసుక మేటలు వేసి తీరం ముందుకు జరగడంతో, ఇవాళ అది అలలకు కొన్ని వందల మీటర్ల దూరంలో నేల మీద ఉంది. పురుగుకు దాహం తీర్చినదీ నావికులను దారి తప్పించినదీ ఒకటే అయినప్పుడు ఆ రెండింటినీ దూరం చేయడం దేనికి?

ఇసుకకూ ఒక ప్రయాణం ఉంది. దక్షిణ సరిహద్దులోని ఆరెంజ్ నది లోపలి భూములను కోసి మోసుకొచ్చిన ఇసుకను అలలు తీరం వెంట ఉత్తరానికి నెట్టగా, గాలి దాన్ని లోపలికి ఎత్తుకుపోయి దిబ్బలుగా పేర్చింది. ఆ దిబ్బల ఎరుపు రంగు, ఇసుక రేణువులకు పట్టిన ఇనుప తుప్పుది. వజ్రాలు కూడా అదే నదితో వచ్చి అదే దారిన తీరానికి చేరాయి. ఈ సంబంధం ఒక్కటి పట్టుకుంటే సోసుస్‌ఫ్లై దిబ్బల నుంచి వజ్రాల కోసం వెలసిన కోల్మాన్స్‌కోప్ పాడుపట్నం దాకా నీ వ్యాసం నడుస్తుంది.

అక్కడ మాత్రం నిదానించు. ఆ దేశం జర్మనీ వలసగా ఉన్న రోజుల్లో, 1908లో, రైలు పట్టాల మీది ఇసుక ఎత్తిపోస్తూ మొదటి వజ్రాన్ని గుర్తుపట్టినవాడు జకారియాస్ లెవాలా అనే కూలీ. సంపద మాత్రం ఆయన రాయి చూపించిన జర్మన్ ఉద్యోగి ఆగస్ట్ స్టౌఖ్‌కు దక్కింది. నువ్వు రెండో పేరు మాత్రమే రాశావు. అంతకు కొద్ది ఏళ్ళ ముందే, దగ్గరలోని ల్యూడెరిట్జ్ రేవును ఆనుకున్న షార్క్ ఐలాండ్ శిబిరంలో బంధించిన స్థానిక హెరెరో, నామా ప్రజల చేత ఆ ప్రాంతపు రైలుమార్గం పనులు చేయించారు. 1904లో వాటర్‌బర్గ్ పోరాటం తరువాత జర్మన్ సైన్యం హెరెరోలను తూర్పున ఒమహెకే ఎడారిలోకి తరిమి నీటి గుంటల దగ్గర కాపలా పెట్టింది. వేలమంది దాహంతోనే చనిపోయారు. అది జాతి నిర్మూలన అని జర్మనీ ప్రభుత్వం 2021లో అంగీకరించింది. ‘వారసత్వం’ అనే ఉపశీర్షిక కింద జర్మన్ భవనాల అందాన్ని మాత్రమే వర్ణించి ఊరుకుంటే, ఆ పట్టాలు వేసినవారు పాఠకుడికి కనబడకుండా పోతారు.

ట్వైఫెల్‌ఫోంటీన్ రాతి చెక్కడాలకు రెండు వాక్యాలే ఇచ్చావు. ఇంకొంత చోటు ఇవ్వు. 2007లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ కొండ దగ్గర, సముద్రానికి ఎంతో దూరంలో, ఒక సీల్ జంతువు బొమ్మ కూడా ఉంది. దాన్ని చెక్కిన వేటగాళ్ళకు తీరం తెలుసు.

వెల్విచియా మొక్క గురించి నువ్వు రాసినది బాగుంది, ముట్టుకోవద్దు. జీవితమంతా పెరిగే రెండే ఆకులు గాలికి చీలికలై అనేకంగా కనిపిస్తాయని ఒక్క వాక్యం చేర్చు, చాలు. ‘ప్రపంచంలోనే’ అని వచ్చిన ప్రతిచోటా ఆ మాట తీసేసి చూడు. వాక్యం నిలబడితే దాని అవసరం లేనట్టే. 2022 సెప్టెంబరులో కూనో అడవికి తెచ్చిన 8 చీతాలతో మన పాఠకుడికి దగ్గర కావాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ నువ్వు చీతాను ఇసుక దిబ్బల మీద పరుగెత్తించావు. నమీబియా చీతాలలో అత్యధికం పశువులు మేసే ప్రైవేటు భూముల్లో, పొదలు, గడ్డి ఉన్నచోట బతుకుతాయి. ఆ భాగం తిరగరాయి.

ఎటోషా ఉప్పుమైదానం ఈ వ్యాసంలో ఇమడదు. అది ఉత్తరాన, వేరే వాతావరణంలో, వేరే నీటి కథతో ఉంది. దాన్ని విడిగా రాసుకో. రెండో ప్రతి పంపేటప్పుడు ఆరెంజ్ నదీముఖం, ల్యూడెరిట్జ్, కన్సెప్షన్ బే గుర్తించిన తీరపటం ఒకటి చేత్తో గీసి జతచేయి. ప్రవాహం ఎటు వెళుతుందో అందులో బాణం గుర్తు పెట్టడం మరవకు.