సాంతోన్ బొమ్మల్లో ముందు ఏవి కొనాలి?

దక్షిణ ఫ్రాన్సులోని మార్సెయ్‌లో, క్రిస్మస్‌కి యేసు పుట్టిన దృశ్యంగా ఇంట్లో అమర్చే సాంతోన్ మట్టిబొమ్మలు కొనాలనుకుంటున్నారు, బాలయేసు సెట్ మొత్తం తీసుకోవాలా, అందులోని ఊరి మనుషులు విడిగా దొరుకుతారా అని అడిగారు. విడిగానే దొరుకుతారు. నన్నడిగితే ముందు వాళ్లనే కొనండి. మార్సెయ్ ఉన్న ప్రొవాన్స్ ప్రాంతంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను పోగుచేసుకున్నది వాళ్లనే.

ఫ్రెంచి విప్లవ కాలంలో చర్చిలు మూతపడ్డాక, యేసు పుట్టిన దృశ్యాన్ని జనం ఇళ్లలోనే అమర్చుకోసాగారు. మార్సెయ్ శిల్పి జాన్ లూయి లాన్యెల్ (1764–1822) ప్లాస్టర్ అచ్చుల్లో మట్టిబొమ్మలు తీయడంతో అవి మామూలు ఇళ్లకూ అందాయి. పశువుల పాక చుట్టూ చేరింది ఎవరనుకున్నారు? చేపలమ్మే ఆవిడ, పిండిమర ఆయన, కత్తులకు సానపట్టేవాడు, డోలూ పిల్లనగ్రోవీ కలిపి వాయించేవాడు, కొడుకు భుజం పట్టుకు నడిచే గుడ్డి ముసలాయన. బెత్లెహేము కాస్తా ప్రొవాన్స్ పల్లె అయిపోయింది. తలా ఒక కానుక పట్టుకొస్తారు. రావీ అనే అమాయకుడి దగ్గర మాత్రం ఏమీ ఉండదు, రెండు చేతులూ పైకెత్తి ఆశ్చర్యపోతూ నిలబడతాడు. ఒక్క బొమ్మే కొనగలిగితే అతన్నే తెచ్చుకోండి. నాకు వాళ్లందరిలోకీ ఇష్టం అతనే.

కొనేముందు బొమ్మను చేతిలోకి తీసుకుని పక్కలు చూడండి. అచ్చు రెండు ముక్కలుగా ఉంటుంది కాబట్టి అవి కలిసినచోట మట్టి గీత లేస్తుంది. మంచి పనివాళ్లు దాన్ని పచ్చిమీదే గీకి నున్నగా చేస్తారు. చంక కింద, చెవి వెనక ఆ గీత రంగు కిందనుంచి కనిపిస్తోందంటే హడావిడిగా చేసిన సరుకే. తర్వాత ముఖం చూడండి. కళ్లు రెండు చుక్కలే అయినా చూపు ఒకవైపుకి ఉండాలి. పీఠం అడుగున చేసినవారి పేరో గుర్తో ఉందో లేదో కూడా చూసుకోండి.

సైజు మాత్రం మొదటే తేల్చుకోండి. ఎక్కువమంది 7 సెంటీమీటర్లవి కొంటారు, తర్వాత జత కలపడం తేలిక. అంతకన్నా బాగా చిన్నవీ ఉన్నాయి కానీ వాటిలో ముఖాలు సరిగా ఆనవు.

మార్సెయ్ సాంతోన్ల సంత 1803 నుంచీ ఉంది, నవంబర్‌లో మొదలవుతుంది. తీరిక ఉంటే పక్కనే ఉన్న ఒబాన్య్‌కి కూడా వెళ్లండి, వర్క్‌షాపుల్లో రంగులు వేస్తుంటే దగ్గర నిలబడి చూడొచ్చు.

ఇంటికి తెచ్చేటప్పుడు చెక్-ఇన్ లగేజీలో వేయకండి. ముందు విరిగేది రావీ చేతులే, వాటి చుట్టూ దూది చుట్టండి. దుమ్ము పడితే తడిగుడ్డ వద్దు, రంగు పోతుంది, మెత్తని కుంచెతో దులిపితే చాలు. బాలయేసును కూడా కొంటే, అక్కడివాళ్లు ఆ బొమ్మను డిసెంబర్ 24 రాత్రి గాని తొట్టిలో పెట్టరు. మిగతావాళ్లను ఫిబ్రవరి 2 దాకా అలాగే ఉంచుతారు.